కొత్త కారు ఫ్రీ సర్వీస్: ఏది ఫ్రీ, ఏది కాదు, జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు ఏం చూడాలి

మా హన్మకొండలో కొత్తగా కారు కొన్నవాళ్లను ఎవరిని అడిగినా ఫ్రీ సర్వీస్ గురించి రెండు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. ఒకరేమో "అదంతా పేరుకే ఫ్రీ, పోతే బిల్లు చేతిలో పెడతారు, తెలిసిన మెకానిక్ దగ్గర చేయించుకుంటే సగం డబ్బుతో పోతుంది" అంటారు. ఇంకొకరు "షోరూమోళ్లు ఏది రాస్తే అది చేయించాలి, కాదంటే వారంటీ పోతది" అని భయపడతారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఏ ఒక్కదాన్ని పూర్తిగా నమ్మినా జేబుకు నష్టమే. మొదటి మాట నమ్మినవాళ్లకు రేపు గేర్‌బాక్స్‌లో తేడా వస్తే చూపించడానికి కాగితం ఉండదు. రెండో మాట నమ్మినవాళ్లు అక్కర్లేని పనులకు ప్రతిసారీ వేలు కడుతూనే ఉంటారు. ఈ చిక్కంతా ఫ్రీ అన్న మాట వెనక ఏముందో ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్ల వచ్చింది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా అసలు సంగతి. కారు సర్వీస్ బిల్లులో రెండు రకాల ఖర్చులుంటాయి. ఒకటి పని చేసిన కూలీ, అదే లేబర్ చార్జీ. రెండోది వేసిన వస్తువులు: ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, అద్దాలు కడిగే నీళ్లలో కలిపే లిక్విడ్, ఇలాంటివి. మన దేశంలో ఎక్కువ కంపెనీలు కారుతో పాటు ఇచ్చే మూడు ఫ్రీ సర్వీసుల్లో ఫ్రీ అయ్యేది లేబర్ మాత్రమే, అది కూడా ఆ సర్వీసుకు కంపెనీ నిర్ణయించిన పనుల లేబర్ మాత్రమే. ఆయిల్ మారిస్తే ఆయిల్ డబ్బులు మనవే, ఫిల్టర్ మారిస్తే ఫిల్టర్ డబ్బులు మనవే, వాటి మీద జీఎస్టీ కూడా మనదే. మా బంధువుల్లో ఒక పెద్దాయన మూడో ఫ్రీ సర్వీసుకు పోయొచ్చి, బిల్లు చేతిలో పట్టుకుని "ఫ్రీ అన్నరు గదా బిడ్డా, మరి గిన్ని పైసలెట్లయినయ్?" అని అడిగాడు. ఆ బిల్లు మీద లేబర్ కాలమ్‌లో చాలా వరుసలకు సున్నా ఉంది, అంటే షోరూమ్ వాళ్లు ఫ్రీ అన్న మాట తప్పలేదు. మిగతా వరుసల సంగతి ఆయనకు కారు అమ్మిన రోజు ఎవరూ చెప్పలేదు, అదీ ఆయన బాధ.

మరి ఆ సున్నా వెనక కూలీ ఎవరిస్తున్నారు? వర్క్‌షాపులో పని చేసే కుర్రాళ్లకు జీతాలు ఇవ్వాలి, లిఫ్టు తిప్పాలి, కరెంటు బిల్లు కట్టాలి. మీ కారు పని అయ్యాక డీలర్ ఆ ఫ్రీ సర్వీస్ వివరాలను కంపెనీకి పంపి క్లెయిమ్ చేసుకుంటాడు, కంపెనీ ఒక్కో సర్వీసుకు తాను ముందే పెట్టుకున్న రేటు ప్రకారం డబ్బు ఇస్తుంది. కంపెనీకి ఆ డబ్బు మీరు కారు కొన్నప్పుడు కట్టిన ధరలోంచే వచ్చింది. అంటే మూడు సర్వీసుల కూలీ మీరు ముందే కట్టేశారు. ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే రెండు సంగతులు తేలికగా అర్థమవుతాయి. మొదటిది, ఈ సర్వీసులు వదులుకోవడమంటే కట్టిన డబ్బు వదులుకోవడమే, కాబట్టి మూడూ వాడుకోవాల్సిందే. రెండోది, కంపెనీ ఇచ్చే ఆ రేటు మీద డీలర్‌కు పెద్దగా మిగలదు కాబట్టి, ఫ్రీ సర్వీసుకు వచ్చిన కారు మీద అతను సంపాదించుకోవాలంటే మీ చేత ఏదో ఒకటి అదనంగా చేయించాలి. మన కారు తీసుకుని ఏ పనులు చేయాలో రాసుకునే సర్వీస్ అడ్వైజర్ల మీద నెలనెలా టార్గెట్లుంటాయి, ఇన్ని కార్లకు ఇంత బిల్లు రావాలని. ఆ అబ్బాయి మీద కోపం పెట్టుకోవాల్సిన పనిలేదు, అతని ఉద్యోగం అలా ఉంది. కానీ అతను చెప్పే ప్రతి మాటనూ డాక్టర్ సలహాలా తీసుకోవాల్సిన పని కూడా లేదు.

ఎప్పుడు పోవాలి

షెడ్యూల్ ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది. మారుతి సుజుకిలో మామూలుగా 1,000 కిలోమీటర్లు లేదా నెల, 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది. కొన్ని కంపెనీల్లో మూడో ఫ్రీ సర్వీస్ 20,000 కిలోమీటర్ల దగ్గర, రెండేళ్లకు వస్తుంది. మీ కారుది ఎంతో ఓనర్స్ మాన్యువల్‌తో పాటు ఇచ్చే సర్వీస్ బుక్‌లెట్‌లో రాసి ఉంటుంది, ఇప్పుడు కంపెనీ యాప్‌లో కూడా కనిపిస్తుంది. ఇక్కడ జనం ఎక్కువగా పొరబడేది "ఏది ముందు వస్తే అది" అన్న షరతు దగ్గర. కిలోమీటర్లు తిరగలేదు కదా అని ఆగుతారు, తేదీ దాటిపోతుంది.

హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయి రావడం సుమారు మూడు వందల కిలోమీటర్లు. వారం వారం పోయొచ్చే ఉద్యోగికి వెయ్యి కిలోమీటర్లు నెల తిరక్కుండానే అయిపోతాయి, అలాంటివాళ్లు మీటర్ చూసుకోవాలి. దీనికి పూర్తి వ్యతిరేకంగా మా ఊళ్లో ఇంకో రకం ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, అమ్మానాన్నల కోసం ఒక కారు కొనిచ్చి పోతారు, ఆ కారు భద్రకాళి గుడికి, ఆసుపత్రికి, ఎప్పుడైనా పెళ్లికి తప్ప బయటికి రాదు. ఏడాది తిరిగేసరికి మూడు వేల కిలోమీటర్లు కూడా దాటదు. ఇలాంటి కారుకు కిలోమీటర్ల లెక్క పనికిరాదు, క్యాలెండర్ లెక్కే. కారు నిలబడి ఉన్నా ఇంజన్ ఆయిల్ పాతబడుతుంది, దగ్గరి దగ్గరి ప్రయాణాల్లో ఇంజన్ సరిగ్గా వేడెక్కకుండానే ఆగిపోతుంది కాబట్టి లోపల చేరిన తేమ ఆయిల్‌లోనే ఉండిపోతుంది. అందుకే చాలా మాన్యువళ్లలో తరచూ చిన్న చిన్న దూరాలు తిరగడాన్ని, దుమ్ము రోడ్ల మీద తిరగడాన్ని కఠిన పరిస్థితులుగా లెక్కేసి, వాటికి వేరే పట్టిక ఇస్తారు. అది మాన్యువల్ చివర్లో ఉంటుంది, ఎవరూ చదవరు. పత్తి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్ చుట్టూ రోజూ తిరిగే కారుకు, ఇసుక లారీల వెనక భూపాలపల్లి, ఏటూరునాగారం పోయొచ్చే కారుకు, మేడారం జాతర దుమ్ములో నాలుగు ట్రిప్పులు కొట్టిన కారుకు ఎయిర్ ఫిల్టర్ మామూలు గడువు దాకా ఆగదు. అలాంటి కారుకు ఫిల్టర్ మార్చాలని అడ్వైజర్ చెబితే అది దోపిడీ కాదు, నిజంగానే అవసరం. ఫిల్టర్ బయటికి తీసి చూపించమంటే మీకే తెలిసిపోతుంది.

పోయే రెండు రోజుల ముందు ఫోన్ చేసి గానీ యాప్‌లో గానీ బుక్ చేసుకోండి. ఆదివారం సెలవు కదా అని సోమవారం పొద్దున్న అందరూ ఒకేసారి వస్తారు, ఆ రద్దీలో అడ్వైజర్ మీ మాట వినే ఓపికతో ఉండడు. వారం మధ్యలో పోతే మేలు.

మొదటి సర్వీసులో కడిగి ఇచ్చారంతే అంటారు చాలామంది

నిజమే, చాలా కార్లకు మొదటి సర్వీసులో ఆయిల్ కూడా మార్చరు. ద్రవాల మట్టాలు చూస్తారు, బ్రేకులు, లైట్లు, బెల్టు చూస్తారు, కింద బోల్టులు వదులయ్యాయేమో చూస్తారు, టైర్లలో గాలి సరిచేస్తారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేస్తారు, కడిగి ఇస్తారు. బిల్లు సున్నాకో దానికి దగ్గరలోనో రావాలి. అయినా నా దృష్టిలో మూడింటిలో మనకు ఎక్కువ పనికొచ్చేది ఈ మొదటిదే. కొత్త కారులో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లోపం ఏదైనా ఉంటే ఈ వెయ్యి కిలోమీటర్లలోనే తల బయట పెడుతుంది. డాష్‌బోర్డు కింద టకటక శబ్దం, ఒక తలుపు గట్టిగా వేస్తే తప్ప పడకపోవడం, ఎనభై దాటితే స్టీరింగ్ ఎడమకు లాగడం, వానలో డిక్కీలోకి తడి రావడం. ఇవి నోటితో చెప్పి ఊరుకోకూడదు. కారు ఇచ్చేటప్పుడు చేయాల్సిన పనులన్నీ రాసే కాగితాన్ని జాబ్ కార్డు అంటారు, అందులో కస్టమర్ కంప్లయింట్ అన్న చోట ఒక్కొక్కటీ రాయించాలి, రాశాకే సంతకం పెట్టాలి. "అది కొత్త కారు సార్, నాలుగు రోజులు నడిస్తే సెట్ అయిపోతది" అంటాడు అడ్వైజర్. అయిపోవచ్చు. అయినా రాయించండి. ఆర్నెల్ల తర్వాత ఆ శబ్దం అలాగే ఉంటే, మొదటి నెల నుంచీ చెబుతూనే ఉన్నామనడానికి ఆ కాగితమే సాక్ష్యం. శబ్దం ఏ స్పీడులో, ఎలాంటి రోడ్డు మీద వస్తుందో ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, వర్క్‌షాపుకు పోయేసరికి ఏ శబ్దమూ రాకపోవడం మామూలే. ఒక టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని హంటర్ రోడ్డు మీద ఒక రౌండ్ తిప్పితే సగం విషయం తేలిపోతుంది, అలా టెస్ట్ డ్రైవ్ అడగడంలో మొహమాటం ఏమీ అక్కర్లేదు.

రెండో సర్వీసు కూడా చాలా వరకు చెకప్పే. అసలు ఖర్చు మొదలయ్యేది ఆయిల్ మార్చే సర్వీసులో, చాలామందికి అది మూడోది. అక్కడ బిల్లు చదవడం రావాలి.

జాబ్ కార్డు చదవడం

కారు లోపలికి పోయాక అడ్వైజర్ ట్యాబ్ పట్టుకుని చుట్టూ తిరిగి, గీతలు, సొట్టలు రాసుకుని, ఎస్టిమేట్ చెబుతాడు. కొన్నిచోట్ల కాగితం మీద సంతకం, కొన్నిచోట్ల ఫోన్‌కు ఓటీపీ. ఆ ఓటీపీ చెప్పేస్తే సంతకం పెట్టినట్టే, కాబట్టి పెద్దవాళ్లు ఒంటరిగా పోతున్నప్పుడు ఈ ముక్క ముందే చెప్పి పంపండి: ఎస్టిమేట్ మొత్తం చదివాకే ఓటీపీ. ఏ వరుస అర్థం కాకపోయినా ఒకటే ప్రశ్న అడగండి. "ఇది కంపెనీ షెడ్యూల్‌లో ఉందా? మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో చూపించండి." ఈ ప్రశ్నకు సగం వరుసలు వాటంతట అవే పోతాయి.

ఎందుకంటే ఎస్టిమేట్‌లో షెడ్యూల్ పనులు, షోరూమ్ అమ్మే పనులు ఒకే పట్టికలో, ఒకే అక్షరాల్లో, పక్కపక్కనే ఉంటాయి. ఇంజన్ ఆయిల్, దాని కింద ఇంజన్ ఫ్లష్. ఎయిర్ ఫిల్టర్, దాని కింద థ్రాటిల్ బాడీ క్లీనింగ్. ఏసీ ఫిల్టర్, దాని కింద ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్. తర్వాత ఫ్యూయల్ ఇంజెక్టర్ క్లీనర్, ఇంజన్ డ్రెస్సింగ్, అండర్ బాడీ కోటింగ్, సైలెన్సర్ కోటింగ్, టెఫ్లాన్ కోటింగ్, ఇంటీరియర్ క్లీనింగ్, ఎలుకలు రాకుండా స్ప్రే. వీటిలో ఏదీ విషం కాదు, కొన్నిటికి ఎప్పుడో ఒకప్పుడు అవసరం కూడా పడొచ్చు. కానీ ఏడాది కూడా నిండని, పదివేల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌ను ఫ్లష్ చేసేంత మురికి లోపల ఏముంటుంది? కారు తయారుచేసిన కంపెనీయే తన షెడ్యూల్‌లో దాన్ని పెట్టలేదు. ఇంజన్ డ్రెస్సింగ్ అంటే బానెట్ ఎత్తితే నల్లగా నిగనిగలాడేలా పూత పూయడం, దానితో ఇంజన్‌కు వచ్చే లాభం లేదు. ఏసీ లోంచి వాసన వస్తుంటే తప్ప డిస్‌ఇన్‌ఫెక్షన్ అక్కర్లేదు. అండర్ బాడీ కోటింగ్ అంటే కారు అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత. సముద్రం దగ్గర ఉండే ఊళ్లలో ఆ తుప్పు భయం ఎక్కువ, మనకు ఉప్పు గాలి లేదు. అయినా పొలాల్లోకి, వరి కోతల బురదలోకి రోజూ దిగే కారైతే ఆలోచించొచ్చు, ఊళ్లో తిరిగే కారుకు మాత్రం నేనైతే వద్దంటాను. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ విషయంలో మటుకు వెంటనే వద్దనకండి. మన రోడ్ల గుంతలకు ఏడాదికోసారి చేయించడం మంచిదే, టైర్లు ఒక పక్కే అరగకుండా ఉంటాయి. అది చాలా చోట్ల ఫ్రీలోకి రాదు, దాని రేటు అడిగి, బయట టైర్ల షాపు రేటుతో పోల్చుకుని ఎక్కడైనా చేయించుకోవచ్చు.

ఇక్కడే ఒక సులువైన లెక్క ఉంది. ఓనర్స్ మాన్యువల్ వెనక పేజీల్లో మీ ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్ల ఆయిల్ పడుతుందో, ఏ గ్రేడ్ ఆయిలో స్పష్టంగా రాసి ఉంటుంది. చిన్న పెట్రోల్ కారుకు సుమారుగా మూడు, మూడున్నర లీటర్లు. బిల్లులో ఎన్ని లీటర్లు వేశారో ఆ అంకె పక్కన పెట్టి చూడండి. మూడు చిల్లర పట్టే ఇంజన్‌కు నాలుగు లీటర్లు రాసి ఉంటే అడగండి, మిగిలింది డబ్బాలో ఇమ్మనండి. గ్రేడ్ కూడా చూడండి. సింథటిక్ అయితే మైలేజీ వస్తుందని ఖరీదైనది రాస్తారు, మాన్యువల్ అడిగిన గ్రేడ్ వేస్తే చాలు. తీసిన పాత ఫిల్టర్ చూపించమనడం మన హక్కు, ఆ మాట కారు ఇచ్చేటప్పుడే చెప్పాలి, బిల్లు కట్టేటప్పుడు అడిగితే "చెత్తలో పడేశాం సార్" అన్న జవాబే వస్తుంది.

ఇంకోటి, పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, లేబర్ మీద 18 శాతమే ఉంది. ఇప్పుడు ఏ స్పేర్ పార్టు పక్కన అయినా 28 కనిపిస్తే ఆ బిల్లు తిప్పి పంపండి. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో మోడల్, కిలోమీటర్లు నొక్కితే ఆ సర్వీసుకు ఎంత అవుతుందో చూపించే పేజీ ఉంటుంది. ఇంట్లోనే అది చూసి, స్క్రీన్‌షాట్ పెట్టుకుని పోతే బేరం ఆడాల్సిన అవసరమే రాదు. ఎస్టిమేట్ ఆ అంకెను దాటితే ఎందుకు దాటిందో అడ్వైజరే చెప్పాలి.

మధ్యాహ్నం ఫోన్ వస్తుంది చూడండి, దానికి కూడా సిద్ధంగా ఉండండి. "సార్, బ్రేక్ ప్యాడ్స్ క్లీన్ చేసి గ్రీజ్ పెట్టాలి, ఇప్పుడు చేయకపోతే తర్వాత ప్రాబ్లమ్ వస్తది, ఓకేనా?" మీరు ఆఫీసులో ఏదో పనిలో ఉండి సరే అనేస్తారు. సరే అనే ముందు ఫోటో వాట్సాప్‌లో పెట్టమనండి, రేటు మెసేజ్‌లో రాయమనండి. నిజంగా పని ఉన్నవాడు ఫోటో పెట్టడానికి వెనకాడడు.

బయట చేయిస్తే వారంటీ పోతుందా

ఎక్కువ టెన్షన్ ఈ ప్రశ్న దగ్గరే. మార్కెట్లో కంపెనీలు పోటీని దెబ్బతీయకుండా చూసే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద ఒక పెద్ద ఉత్తర్వు ఇచ్చింది, మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా కూడా వేసింది. స్పేర్ పార్టులు బయట మార్కెట్లో దొరకనివ్వకుండా, రిపేర్లన్నీ తమ దగ్గరే జరిగేలా చేసుకున్నారన్నది ఆ కేసు. అందులో వారంటీ గురించి కూడా చెప్పింది: కారును బయట గ్యారేజీకి తీసుకెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదు, బయట చేసిన తప్పుడు రిపేరు వల్ల జరిగిన నష్టం వరకే కాదనొచ్చు అని. దాని మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, వివాదం ఏళ్ల తరబడి నడిచింది. ఈ ఉత్తర్వు చూపించి వర్క్‌షాపు కౌంటర్ దగ్గర గెలుస్తామనుకోవడం మాత్రం అత్యాశ. కంపెనీ వారంటీ పుస్తకంలో షెడ్యూల్ ప్రకారం సర్వీసు జరగాలని రాసి ఉంటుంది, జరిగినట్టు నిరూపించుకోవాల్సింది మనమే. అధికారిక వర్క్‌షాపులో చేయిస్తే ఆ రికార్డు వాళ్ల సిస్టమ్‌లోనే ఉంటుంది, మనం నిరూపించేదేమీ ఉండదు.

కాబట్టి నా సలహా ఇది. వారంటీ ఉన్నంతకాలం షెడ్యూల్ సర్వీసులన్నీ అధికారిక వర్క్‌షాపులోనే చేయించండి, అది కూడా షెడ్యూల్‌లో ఉన్నంత వరకే. మారుతి 2024 జూలైలో తన మామూలు వారంటీని రెండేళ్లు, 40,000 కిలోమీటర్ల నుంచి మూడేళ్లు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. మూడేళ్ల వారంటీ ఉన్న కారుకు ఏడాదికోసారి సర్వీసంటే లెక్కగా కొన్ని బిల్లులే. వాటిని వదులుకుని ఇంజన్, గేర్‌బాక్స్ లాంటి పెద్ద భాగాల మీద ఉన్న భరోసా పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. పంక్చర్, అలైన్‌మెంట్, వాటర్ వాష్, సీట్ కవర్లు, వైపర్లు బయట చేయించుకుంటే వారంటీకి ఏమీ కాదు. వైర్లు మాత్రం కోయనివ్వకండి. షాపులో ఫాగ్ లైట్లు, మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా పెట్టించేటప్పుడు వైరు కోసి అతికిస్తే, రేపు ఎలక్ట్రికల్ సమస్య ఏది వచ్చినా వేలు అటే చూపిస్తారు. వైరు కోయకుండా కప్లర్‌తో గుచ్చి పెట్టే సామానే అడగండి. టైర్లు, బ్యాటరీ వారంటీ సాధారణంగా వాటిని తయారుచేసిన కంపెనీలది, కారు కంపెనీది కాదు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్, బల్బుల లాంటి అరిగిపోయే సామానుకు వారంటీ ఉండదు, ఉన్నా కొద్ది కాలమే.

హైదరాబాద్‌లో కొంటే హన్మకొండలో ఫ్రీ సర్వీస్ చేస్తారా

చేయాలి. కంపెనీ ఇచ్చే ఫ్రీ సర్వీసులు ఆ కంపెనీ అధికారిక వర్క్‌షాపు దేశంలో ఎక్కడున్నా చెల్లుతాయి. డిస్కౌంట్ ఎక్కువని మన దగ్గర చాలామంది హైదరాబాద్ పోయి కొంటారు, తర్వాత ఇక్కడి వర్క్‌షాపులో "మా దగ్గర కొనలేదు కదా సార్" అని నసుగుతారేమోనని జంకుతారు. జంకొద్దు, వాళ్లకు కంపెనీ నుంచి ఆ డబ్బు వస్తుంది. అలా ఎవరైనా అంటే ఆ మాట మెయిల్‌లో రాసి పంపమనండి, ఎవరూ పంపరు, కారు లోపలికి తీసుకుంటారు.

తేడా ఎక్కడంటే, డీలర్ తన సొంతంగా ఇచ్చే మాటల్లో. "ఐదేళ్లు లేబర్ ఫ్రీ", "మా దగ్గర కొంటే రెండు సర్వీసులు ఎక్స్‌ట్రా", "పాలిష్ ఏడాదికి రెండుసార్లు ఫ్రీ" లాంటివి. ఇవి కంపెనీవి కావు, ఆ డీలర్‌వి. అతని వర్క్‌షాపులో తప్ప ఎక్కడా చెల్లవు, షోరూమ్ మూతపడితే దానితో పాటే పోతాయి. హైదరాబాద్ డీలర్ ఇచ్చిన ఐదేళ్ల లేబర్ ఫ్రీ కోసం హన్మకొండ వాళ్లు ప్రతిసారీ పెట్రోలు పోసుకుని, ఒక రోజు సెలవు పెట్టుకుని అక్కడికి పోతే ఏం మిగులుతుంది? ఆ ఆఫర్ వద్దని చెప్పి, బదులుగా ధరలో తగ్గించమని అడగడమే లాభం. ఏదైనా సరే బుకింగ్ ఫారం మీద గానీ, డీలర్ లెటర్‌హెడ్ మీద గానీ రాయించుకోవాలి. సేల్స్‌లో ఉన్న పిల్లలు తరచూ మారిపోతుంటారు, నోటిమాట వాళ్లతో పాటే పోతుంది.

డెలివరీ రోజున అమ్మే ప్రీపెయిడ్ మెయింటెనెన్స్ ప్యాకేజీ ఇంకో రకం. ఇన్నేళ్ల సర్వీసులకు ఇప్పుడే ఒకేసారి కడితే తర్వాత ఆయిల్, ఫిల్టర్లు, లేబర్ అన్నీ అందులోనే అంటారు. ఎక్కువ తిరిగేవాళ్లకు, ఇదే కారు నాలుగైదేళ్లు ఉంచుకునేవాళ్లకు కలిసిరావచ్చు. లెక్క వేసేటప్పుడు ఒకటి మర్చిపోవద్దు: మొదటి మూడు సర్వీసుల లేబర్ ఎలాగూ ఫ్రీ, దాన్ని మళ్లీ ప్యాకేజీ ధరలో కలిపి లాభంగా చూపిస్తున్నారేమో గమనించండి. ప్యాకేజీ ఏ వర్క్‌షాపుల్లో చెల్లుతుంది, కారు అమ్మేస్తే కొత్త ఓనరుకు మారుతుందా, ఈ రెండూ కాగితం మీద ఉండాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకో విషయం, అది సర్వీసు కాదు, భాగాలు పాడైతే కాపాడేది. మామూలు వారంటీ ముగిసేలోపే తీసుకోవాలి, ఆలస్యం అయ్యేకొద్దీ సాధారణంగా ధర పెరుగుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కారైతే తీసుకోమనే చెబుతాను.

వీటన్నిటిలోనూ రానివి రెండున్నాయి, మన దిక్కు రెండూ తరచూ జరిగేవే. ఒకటి ఎలుకలు. వరి పొలాల పక్కన, పాత ఇళ్ల వాకిళ్లలో పెట్టిన కార్ల వైర్లు కొరికేస్తాయి, దాన్ని ఏ వారంటీ ఒప్పుకోదు. రెండోది వరద నీళ్లు. 2023 జూలైలో నయీంనగర్ వైపు కార్లు ఎలా మునిగాయో చూసినవాళ్లం. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయబోతే ఇంజన్ లోపలికి నీళ్లు లాగి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, అది వారంటీలోకీ రాదు, మామూలు ఇన్సూరెన్స్‌లోకీ రావడం కష్టం. ఇన్సూరెన్స్‌తో పాటు అదనంగా డబ్బు కట్టి తీసుకునే ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉంటేనే ఆశ. కోటింగులకు పెట్టే డబ్బు ఈ యాడ్ ఆన్‌కు పెట్టండి, లోతట్టు కాలనీల్లో ఉండేవాళ్లయితే మరీను. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమం కూడా ఏదీ లేదు.

కారు తిరిగి తీసుకునేటప్పుడు

సాయంత్రం హడావిడిలో గేట్‌పాస్ తీసుకుని వచ్చేయడం అందరికీ అలవాటు. ఐదు నిమిషాలు ఆగండి. పొద్దున్న ఇచ్చేటప్పుడు మీటర్, పెట్రోలు ముల్లు, స్టెప్నీ, జాకీ ఫోటోలు తీసుకుని ఉంటే ఇప్పుడు పోల్చుకోవచ్చు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి, రెండు గుర్తుల మధ్య ఉండాలి, కొత్త ఆయిల్ తేనె రంగులో తేటగా కనిపిస్తుంది. పెట్రోల్ కారులో ఆయిల్ మార్చామని చెప్పి అది నల్లగా ఉంటే అక్కడే అడగాలి. డీజిల్ కారులో కొంచెం దూరం నడిచినా నల్లబడుతుంది కాబట్టి అక్కడ రంగు చూసి తేల్చలేం. జాబ్ కార్డులో రాయించిన కంప్లయింట్లలో ఒక్కొక్కదాని పక్కన ఏం చేశారో రాసి ఉందా చూడండి. ఊరికే ఓకే అని టిక్కు పెట్టి ఉంటే, ఏం చేసి ఓకే అయిందో రాయమనండి.

ఆ తర్వాత కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది. "ఫోన్ వస్తే పదికి పది ఇవ్వండి సార్, లేకపోతే నా ఇన్సెంటివ్ పోతది" అని అడ్వైజర్ ముందే బతిమాలుతాడు. పని బాగుంటే సంతోషంగా ఇవ్వండి. పని మిగిలి ఉంటే మటుకు ఆ కాల్ వచ్చేలోపే అయిపోవాలని అతనికి మర్యాదగా చెప్పండి. మన చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఆ పది మార్కులే, వాటి కోసం చాలాసార్లు పని గబగబా అవుతుంది.

అప్పటికీ తేలకపోతే ఒక వరుస ఉంది. ముందు సర్వీస్ మేనేజర్‌కు మెయిల్, దాని కాపీ కంపెనీ కస్టమర్ కేర్‌కు. ఫోన్లో మాట్లాడింది కూడా "ఇవాళ మీరు ఇలా చెప్పారు" అని మళ్లీ మెయిల్‌లో రాయండి. పదిహేను రోజులు చూసి 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. చాలా గొడవలు ఇక్కడే సర్దుకుంటాయి, ఎందుకంటే ఫిర్యాదు నేరుగా కంపెనీ పెద్ద ఆఫీసుకు పోతుంది. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉన్న కేసులు జిల్లాలోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపయితే ఫీజు కూడా లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేసుకోవచ్చు. వేసేటప్పుడు జత చేయాల్సినవి: కారు ఇన్‌వాయిస్, సర్వీస్ బుక్‌లెట్ పేజీలు, అన్ని జాబ్ కార్డులు, అన్ని బిల్లులు, మెయిళ్లు, తేదీలతో ఫోటోలు, వీడియోలు. జాబ్ కార్డు కాపీ ఇవ్వకుండా బిల్లు ఒక్కటే చేతిలో పెట్టే వర్క్‌షాపులున్నాయి, అందుకే మొదటి సర్వీసు నుంచే రెండూ అడిగి తీసుకుని ఒక ఫైల్‌లో పెట్టండి.